మ్యాట్రిక్స్‌లో ర్యాండమ్ గడుల్లో విలువలు పెట్టడం ఎలా: మైన్‌స్వీపర్ బోర్డు నుంచి తంబోలా టికెట్ దాకా

కోడింగ్ నేర్చుకునేవాళ్లు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది: “గడుల్లో బాంబులు దాచే మైన్‌స్వీపర్ ఆట కోసం 9×9 మ్యాట్రిక్స్‌లో ర్యాండమ్‌గా 10 బాంబులు పెట్టాలి. వరుస నంబరు ఒకటి, నిలువు నంబరు ఒకటి ర్యాండమ్‌గా తీసుకుని అక్కడ 1 పెడుతున్నాను. ఒక్కోసారి 10 వస్తున్నాయి, ఒక్కోసారి 8, 9 దగ్గరే ఆగిపోతున్నాయి. కోడ్‌లో తప్పేమీ కనిపించడం లేదు.”

తప్పు వాక్యంలో లేదు, పద్ధతిలో ఉంది. విడివిడిగా తీసిన వరుస, నిలువు జంట ఇంతకు ముందు వచ్చిన గడికే మళ్లీ తగలవచ్చు. అప్పుడు 1 మీద 1 పడుతుంది, ఎర్రర్ రాదు, బాంబు ఒకటి తగ్గిపోతుంది. ఇది అరుదేమో అనుకోకండి. 81 గడుల్లో 10 సార్లు ఇలా తీస్తే పదీ వేర్వేరు గడుల్లో పడే అవకాశం సుమారు 56 శాతమే. 16×16 బోర్డులో 40 బాంబులైతే అది దాదాపు 4 శాతానికి పడిపోతుంది. 16 వరుసలు, 30 నిలువుల పెద్ద బోర్డులో 99 పెట్టబోతే సగటున 89, 90 దగ్గర తేలతాయి.

కాబట్టి వరుసను, నిలువును విడివిడిగా తీయడం మానేయండి. పెట్టదగ్గ గడులన్నిటికీ జాబితా రాసి, అందులోంచి కావలసినన్ని, ఒకసారి తీసింది మళ్లీ రాకుండా తీయండి. డబ్బాలో చీటీలు వేసి, తీసిన చీటీ తిరిగి వేయకుండా తీసినట్టన్నమాట. కింద చెప్పేదంతా ఈ ఒక్క పని చుట్టూనే తిరుగుతుంది.

కావలసినవి

పైథాన్ 3 ఉంటే చాలు. ర్యాండమ్ మాడ్యూల్ దానితోనే వస్తుంది, వేరే ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పెద్ద మ్యాట్రిక్స్‌లతో పని ఉంటే నంపై (మ్యాట్రిక్స్ లెక్కల కోసం పైథాన్‌కు విడిగా కలుపుకునే లైబ్రరీ) కూడా పెట్టుకోండి, 1.20 గానీ ఆ పై వెర్షన్ గానీ అయి ఉండాలి. లిస్టు, ఫర్ లూప్ తెలిసి ఉంటే మిగతాది ఇక్కడే అర్థమవుతుంది.

కోడ్ గురించి ఒక మాట. కింది వరుసలన్నీ పైథాన్ పద్ధతిలోనే ఉన్నాయి, కానీ తెలుగు లిపిలో. ఇంపోర్ట్, ఫర్, ఇన్, ఇఫ్, రేంజ్, శాంపిల్, జిప్ లాంటి పైథాన్ మాటలను మీరు ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేయాలి. బోర్డు, వరుసలు, బాంబులు లాంటి మనం పెట్టుకున్న పేర్లను తెలుగులోనే ఉంచినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. ఒకటే జాగ్రత్త: పొల్లు పక్కన అక్షరం విడిగా కనిపించడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాయి. అది పేరు మధ్యలో దూరితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, ఎంత చూసినా కారణం కనిపించదు. ఎందుకైనా మంచిదనుకుంటే పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి.

1. ఖాళీ బోర్డు తయారు చేయండి

```
ఇంపోర్ట్ ర్యాండమ్

వరుసలు = 9
నిలువులు = 9
బాంబులు = 10

బోర్డు = [[0] * నిలువులు ఫర్ _ ఇన్ రేంజ్(వరుసలు)]
```

ఇక్కడే చాలామంది [[0] * 9] * 9 అని రాసి చిక్కుకుంటారు. ప్రింట్ చేస్తే అచ్చం ఇలాగే 81 సున్నాలు కనిపిస్తాయి. కానీ అందులో ఉన్నది ఒకే వరుస. దాన్నే తొమ్మిదిసార్లు చూపిస్తోంది. బోర్డు[2][4] = 1 అని రాస్తే తొమ్మిది వరుసల్లోనూ ఐదో గడి 1 అయిపోతుంది. మీ బోర్డులో బాంబులు పైనుంచి కిందికి నిలువు గీతల్లా కనిపిస్తే ఇంకేమీ వెతక్కండి, ఈ లైన్ మార్చండి.

సరిచూసుకోవడం తేలిక. ఒకే ఒక్క గడిలో 1 పెట్టి బోర్డు మొత్తం కూడండి. 1 వస్తే మంచిది, 9 వస్తే వరుసలు అతుక్కుని ఉన్నాయి.

2. గడులన్నిటికీ ఒకదాని తర్వాత ఒకటిగా నంబర్లు ఇచ్చి, అందులోంచి తీయండి

పై ఎడమ మూల గడి 0, దాని పక్కది 1, మొదటి వరుస చివరిది 8, రెండో వరుస మొదటిది 9, ఇలా కింద కుడి మూల 80.

```
మొత్తం = వరుసలు * నిలువులు
ఎంపిక = ర్యాండమ్.శాంపిల్(రేంజ్(మొత్తం), బాంబులు)
```

శాంపిల్ ఒకసారి తీసిన నంబరు మళ్లీ తీయదు. రేంజ్‌ను లిస్టుగా మార్చి ఇవ్వనక్కర్లేదు. కోటి గడులున్నా మెమరీ వృథా కాదు. 81 గడులకు 90 బాంబులు అడిగితే వాల్యూ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆగిపోవడమే మనకు కావాలి.

శాంపిల్ బదులు చాయిసెస్ వాడకండి. పేర్లు దగ్గరగా ఉన్నా చాయిసెస్ తీసిన నంబరును తిరిగి కలిపేస్తుంది. మొదట చెప్పిన తప్పే మళ్లీ వస్తుంది. ఇంకొకటి: పైథాన్ 3.11 నుంచి శాంపిల్‌కు సెట్ ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. పాత ట్యుటోరియల్ చూసి సెట్ ఇచ్చి ఉంటే ముందు దాన్ని లిస్టుగా మార్చండి.

3. నంబరును వరుస, నిలువుగా విడగొట్టండి

```
ఫర్ సంఖ్య ఇన్ ఎంపిక:
    వ, ని = డివ్‌మాడ్(సంఖ్య, నిలువులు)
    బోర్డు[వ][ని] = 1
```

డివ్‌మాడ్‌ను డి, ఐ, వి, ఎం, ఓ, డి అని ఖాళీ లేకుండా టైప్ చేయాలి. భాగిస్తే వచ్చిన ఫలం వరుస, మిగిలిన శేషం నిలువు. 9 నిలువుల బోర్డులో 40వ నంబరు అంటే 40ని 9తో భాగించగా ఫలం 4, శేషం 4. అంటే అది సరిగ్గా నడిమి గడి.

ఎప్పుడూ నిలువుల సంఖ్యతోనే భాగించాలి. వరుసల సంఖ్యతో భాగించినా 9×9లో తేడా తెలియదు, ఎందుకంటే రెండూ 9. అదే కోడ్‌ను 16 వరుసలు, 30 నిలువుల బోర్డుకు మార్చిన రోజు ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది: 300వ నంబరును 16తో భాగిస్తే వరుస 18 అవుతుంది, ఉన్నవి 0 నుంచి 15 వరకే. అందుకే కోడ్ రాసేటప్పుడే 3 వరుసలు, 7 నిలువుల్లాంటి చతురస్రం కాని బోర్డు మీద నడిపి చూడండి. చతురస్రపు బోర్డు ఈ తప్పును దాచేస్తుంది.

4. లూప్‌తో మళ్లీ మళ్లీ ప్రయత్నించే పద్ధతి ఎప్పుడు పనికొస్తుంది

“గడి ఖాళీగా ఉంటే పెట్టు, లేకపోతే ఇంకోసారి తీయి” అని వైల్ లూప్ రాసేవాళ్లూ ఉన్నారు. అది తప్పు కాదు, ఫలితం సమానంగానే వస్తుంది. మూడు షరతులు పాటించండి.

పెట్టాక మాత్రమే లెక్క పెంచండి. ప్రయత్నించిన ప్రతిసారీ పెంచితే తక్కువ బాంబులు వస్తాయి. లూప్‌లోకి వెళ్లే ముందే బాంబులు గడుల కన్నా ఎక్కువ ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ లూప్ ఎప్పటికీ ఆగదు. బోర్డు నిండే కొద్దీ వృథా ప్రయత్నాలు పెరుగుతాయని గుర్తుంచుకోండి: 81 గడులూ నింపాలంటే సగటున 400 ప్రయత్నాల దాకా పడుతుంది, చివరి ఒక్క గడికే సగటున 81. బోర్డులో పదో వంతు నింపడానికి ఈ పద్ధతి బాగానే ఉంటుంది. సగం దాటితే శాంపిల్‌కే వెళ్లండి.

ప్రతి గడి దగ్గరా ఆగి “ర్యాండమ్ 10/81 కన్నా తక్కువైతే బాంబు” అనే పద్ధతి వేరు. అందులో సగటు 10, కానీ కచ్చితంగా 10 వచ్చేది వంద బోర్డుల్లో సుమారు 13 సార్లే. 5, 15 కూడా వస్తుంటాయి. అడవి మ్యాప్‌లో చెట్లు చల్లడానికి, ఫొటోకు నాయిస్ కలపడానికి ఇదే సరైనది. కచ్చితమైన లెక్క కావలసిన ఆటకు పనికిరాదు.

5. కొన్ని గడులు వదిలేయాలంటే జాబితా ముందే వడకట్టండి

మైన్‌స్వీపర్‌లో మొదటి క్లిక్‌కే బాంబు పేలితే ఆడేవాళ్లకు విసుగు. అందుకని మొదటి క్లిక్ తర్వాతే బాంబులు పెట్టి, క్లిక్ చేసిన గడిని, దాని చుట్టూ ఉన్నవాటిని వదిలేయడం మంచి అలవాటు. కింద క్లిక్_వ, క్లిక్_ని అంటే క్లిక్ చేసిన గడి వరుస, నిలువు నంబర్లు.

```
వీలున్నవి = [(వ, ని)
    ఫర్ వ ఇన్ రేంజ్(వరుసలు)
    ఫర్ ని ఇన్ రేంజ్(నిలువులు)
    ఇఫ్ యాబ్స్(వ - క్లిక్_వ) > 1 ఆర్ యాబ్స్(ని - క్లిక్_ని) > 1]

ఫర్ వ, ని ఇన్ ర్యాండమ్.శాంపిల్(వీలున్నవి, బాంబులు):
    బోర్డు[వ][ని] = 1
```

నడుమ క్లిక్ చేస్తే 9 గడులు పోయి 72 మిగలాలి. అంచున క్లిక్ చేస్తే 6 పోయి 75, మూలన చేస్తే 4 పోయి 77. ఈ మూడు సంఖ్యలూ ప్రింట్ చేసి చూడండి. 36 వచ్చిందంటే మీరు ఆర్ బదులు యాండ్ రాశారు: అది చుట్టూ ఉన్న గడులతో ఆగకుండా మూడు వరుసలనూ, మూడు నిలువులనూ పూర్తిగా కొట్టేస్తుంది.

2048 ఆటలో కొత్త అంకె పెట్టడం కూడా ఇదే పని. 4×4 బోర్డులో 0 ఉన్న గడుల జాబితా తీసి, అందులోంచి ర్యాండమ్.చాయిస్‌తో ఒకటి తీయండి. పదింట తొమ్మిదిసార్లు 2, ఒకసారి 4 పెట్టండి. ఖాళీ గడి ఒక్కటీ లేకపోతే చాయిస్ ఇండెక్స్ ఎర్రర్ ఇస్తుంది కాబట్టి జాబితా ఖాళీగా ఉందేమో ముందే చూడాలి. జాబితా ఖాళీ అయినంత మాత్రాన ఆట అయిపోయినట్టు కాదు, పక్కపక్క అంకెలు కలిసే వీలుందేమో చూశాకే ముగించాలి.

జాబితా చేయడానికి బద్ధకించి “ముందు ఖాళీ ఉన్న వరుస ఒకటి తీసి, తర్వాత అందులో ఖాళీ గడి తీద్దాం” అనుకుంటే సమానత్వం పోతుంది. ఒక వరుసలో ఒకే ఖాళీ, ఇంకో వరుసలో నాలుగు ఖాళీలు ఉన్నాయనుకోండి. మొదటి వరుసలోని ఆ ఒక్క గడికి సగం అవకాశం దక్కుతుంది, రెండో వరుసలో ఒక్కో గడికి ఎనిమిదో వంతే. అయిదు గడులకూ అయిదో వంతు చొప్పున రావాలి కదా. ఈ తప్పు ఎర్రర్ ఇవ్వదు, లెక్క తగ్గించదు, ఆటను మాత్రం వంకరగా మారుస్తుంది.

6. విలువలు వేర్వేరుగా ఉంటే

పరీక్ష హాల్లో 6 వరుసలు, 5 నిలువులు, అంటే 30 సీట్లు. 101 నుంచి 124 వరకు 24 హాల్ టికెట్ నంబర్లు చెదరగొట్టి కూర్చోబెట్టాలి.

```
హాలు = [[0] * 5 ఫర్ _ ఇన్ రేంజ్(6)]
సీట్లు = ర్యాండమ్.శాంపిల్(రేంజ్(30), 24)

ఫర్ సీటు, నంబరు ఇన్ జిప్(సీట్లు, రేంజ్(101, 125)):
    హాలు[సీటు // 5][సీటు % 5] = నంబరు
```

శాంపిల్ ఇచ్చే క్రమం కూడా ర్యాండమే కాబట్టి నంబర్లను విడిగా కలపనక్కర్లేదు. అయితే చూడ్డానికి బాగుంటుందని సీట్లను సార్ట్ చేశారో, పని చెడింది. 30లో 24 తీస్తే వాటిలో చిన్నది 6 దాటడానికి వీల్లేదు. అంటే 101 నంబరు ఎప్పుడూ మొదటి ఏడు సీట్లలోనే కూర్చుంటుంది, 102 దాని వెనకే. పిల్లలు రెండు పరీక్షల్లో కనిపెట్టేస్తారు.

సీట్లను సెట్‌లో పోగుచేసి ఆ తర్వాత జిప్ చేసినా దాదాపు ఇదే జరుగుతుంది. మనం వాడే మామూలు పైథాన్‌లో చిన్న పూర్ణాంకాల సెట్ చాలావరకు ఎక్కే క్రమంలోనే బయటికి వస్తుంది. సెట్ వాడితే లిస్టుగా మార్చి షఫుల్ చేశాకే జిప్‌కు ఇవ్వండి. షఫుల్ ఉన్న లిస్టునే కలుపుతుంది, తిరిగి ఇచ్చేది నన్ (పైథాన్‌లో “ఏమీ లేదు” అని అర్థం) మాత్రమే. సీట్లు = ర్యాండమ్.షఫుల్(సీట్లు) అని రాస్తే మీ జాబితా పోయినట్టే.

7. నంపైలో అయితే

```
ఇంపోర్ట్ నంపై యాజ్ ఎన్‌పీ

ఆర్ఎన్‌జీ = ఎన్‌పీ.ర్యాండమ్.డిఫాల్ట్_ఆర్ఎన్‌జీ()
బోర్డు = ఎన్‌పీ.జీరోస్((16, 30), డీటైప్=ఇంట్)
ఎంపిక = ఆర్ఎన్‌జీ.చాయిస్(బోర్డు.సైజ్, 99, రీప్లేస్=ఫాల్స్)
బోర్డు.ఫ్లాట్[ఎంపిక] = 1
```

ఎన్‌పీ, ఆర్ఎన్‌జీ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి, తెలుగులో రాస్తే వాటి మధ్య ఆ కనిపించని గుర్తు దూరుతుంది. రీప్లేస్=ఫాల్స్ మరిచిపోతే కథ మొదటికి వస్తుంది. డిఫాల్ట్‌గా అది ట్రూ, అంటే ఒకే గడి రెండుసార్లు రావచ్చు.

ఫ్లాట్ అన్న మాట మింగేసి బోర్డు[ఎంపిక] = 1 అని రాస్తే నంపై ఆ నంబర్లను వరుసల నంబర్లుగా తీసుకుంటుంది. 15 దాటిన నంబరు ఉంటే ఎర్రర్ వస్తుంది. అన్నీ 15 లోపే ఉంటే ఎర్రర్ కూడా రాదు. వరుసలకు వరుసలే 1లతో నిండిపోతాయి. బోర్డు.ఫ్లాటెన్()[ఎంపిక] = 1 అని రాస్తే ఏమీ జరగదు: ఫ్లాటెన్ ఇచ్చేది కాపీ, మీరు దాంట్లో రాసి పారేశారు. బోర్డు సున్నాలతోనే ఉండిపోతే అనుమానించాల్సింది దీన్నే. వరుస, నిలువు విడిగా కావాలంటే అన్‌రావెల్_ఇండెక్స్‌కు ఎంపికనూ, బోర్డు.షేప్‌నూ ఇవ్వండి.

ఉన్న విలువలనే అటూ ఇటూ కలపాలనుకున్నప్పుడు ఆర్ఎన్‌జీ.షఫుల్(బోర్డు) వరుసలను మాత్రమే కలుపుతుంది. ఏ వరుసలోని అంకెలు ఆ వరుసలోనే ఉంటాయి. గడులన్నీ కలవాలంటే ఆర్ఎన్‌జీ.పెర్మ్యూటెడ్(బోర్డు) వాడండి, ఇది కొత్త మ్యాట్రిక్స్‌ను తిరిగి ఇస్తుంది. పైథాన్ సొంత ర్యాండమ్.షఫుల్‌కు మాత్రం నంపై మ్యాట్రిక్స్‌ను ఎప్పుడూ ఇవ్వకండి: కొన్ని వరుసలు రెండేసి సార్లు వచ్చి, కొన్ని మాయమైపోతాయి.

ఇంకో తికమక హద్దులతో. పైథాన్‌లో ర్యాండమ్.ర్యాండింట్(0, 9) అంటే 9 కూడా రావచ్చు. 9 వరుసల బోర్డులో అది ఇండెక్స్ ఎర్రర్. నంపైలో ఆర్ఎన్‌జీ.ఇంటిజర్స్(0, 9) అంటే 8తో ఆగుతుంది. ఒకదాని అలవాటు ఇంకోదానికి మోసుకెళ్తే, ఎర్రరైనా వస్తుంది, లేదా చివరి నిలువు ఎప్పటికీ ఖాళీగానైనా ఉంటుంది.

వేరే భాషల్లో

మ్యాట్‌ల్యాబ్‌లో ర్యాండ్‌పెర్మ్(81, 10), ఆర్ భాషలో శాంపిల్(81, 10) ఇదే పని చేస్తాయి. రెండిట్లోనూ నంబర్లు 1 నుంచి మొదలై, పైనుంచి కిందికి నిలువుగా నడుస్తాయి. బోర్డు(ఎంపిక) = 1 అని నేరుగా రాసేయండి, ఆర్‌లో చదరపు బ్రాకెట్లతో; విడగొట్టే లెక్క మీరు చేయనక్కర్లేదు.

జావాస్క్రిప్ట్‌లో సిద్ధంగా శాంపిల్ లేదు. 0 నుంచి 80 వరకు అర్రే చేసి, మొదటి 10 స్థానాలకు మాత్రం ఇలా చేయండి: ఐ స్థానంలో ఉన్నప్పుడు, జె = ఐ + మ్యాథ్.ఫ్లోర్(మ్యాథ్.ర్యాండమ్() * (81 - ఐ)) అని తీసి, ఐ, జె స్థానాల్లోని నంబర్లు మార్చుకోండి. అయ్యాక అర్రేలోని మొదటి పదే మీ గడులు. ఫ్లోర్ బదులు రౌండ్ వాడకండి. రౌండ్(ర్యాండమ్ * 8) రాస్తే 0కూ 8కీ మిగతా అంకెల్లో సగం అవకాశమే వస్తుంది. వరుసకూ నిలువుకూ రెండిటికీ అలా రాస్తే మూల గడికి నడిమి గడిలో నాలుగో వంతే బాంబులు పడతాయి. ర్యాండమ్ మైనస్ 0.5తో సార్ట్ చేయడమనే చిట్కా కూడా వదిలేయండి, దాంతో క్రమాలు సమానంగా రావు.

సీ భాషలో ఎస్‌ర్యాండ్(టైమ్(నల్)) ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారే రాయాలి. లూప్‌లో రాస్తే ఆ సెకను గడిచే దాకా ఒకే గడి వస్తూనే ఉంటుంది.

8. షరతులున్న మ్యాట్రిక్స్: తంబోలా టికెట్

అపార్ట్‌మెంట్ పండగలకు, ఇంట్లో ఫంక్షన్లకు తంబోలా టికెట్లు కోడ్‌తో తీయాలనుకునేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. నియమాలు ఇవి: 3 వరుసలు, 9 నిలువులు, వరుసకు సరిగ్గా 5 అంకెలు, మొత్తం 15, ఏ నిలువూ ఖాళీగా ఉండకూడదు. మొదటి నిలువులో 1 నుంచి 9, రెండోదాంట్లో 10 నుంచి 19, అలా వెళ్లి చివరిదాంట్లో 80 నుంచి 90. నిలువులో అంకెలు పైనుంచి కిందికి పెరగాలి.

స్థానాలు వేరు, అంకెలు వేరు అని విడదీయండి. ముందు స్థానాలు:

```
వైల్ ట్రూ:
    నమూనా = [ర్యాండమ్.శాంపిల్(రేంజ్(9), 5) ఫర్ _ ఇన్ రేంజ్(3)]
    ఇఫ్ లెన్(సెట్(నమూనా[0] + నమూనా[1] + నమూనా[2])) == 9:
        బ్రేక్
```

ఒక్కో వరుసకూ 9 నిలువుల్లో 5 తీశాం. మూడూ కలిపితే తొమ్మిది నిలువులూ వచ్చాయా చూశాం. రాకపోతే మూడు వరుసలూ పారేసి మళ్లీ మొదటి నుంచి. ఇది వృథా కాదు. వరుసకు 126 రకాల చొప్పున మూడు వరుసలకు 20,00,376 నమూనాలు, వాటిలో ఏ నిలువూ ఖాళీ లేనివి 7,35,210. అంటే దాదాపు 37 శాతం; సగటున మూడు ప్రయత్నాల లోపే దొరుకుతుంది.

“మూడూ ఎందుకు పారేయడం, చివరి వరుస ఒక్కటే మళ్లీ తీస్తే పోలా” అనిపిస్తుంది. టికెట్ వస్తుంది, కానీ సమానంగా రాదు: మొదటి రెండు వరుసలూ ఒకే నిలువుల్లో పడ్డ టికెట్లు రావలసిన దానికన్నా ఎక్కువ వస్తాయి. ఖాళీగా మిగిలిన నిలువులోకి ఇంకో నిలువు నుంచి అంకెను జరపడమూ అంతే. షరతు తప్పితే మొత్తం పారేసి మళ్లీ తీయడమే శుభ్రమైన పద్ధతి.

తర్వాత అంకెలు:

```
టికెట్ = [[0] * 9 ఫర్ _ ఇన్ రేంజ్(3)]
ఫర్ ని ఇన్ రేంజ్(9):
    మొదలు = 1 ఇఫ్ ని == 0 ఎల్స్ ని * 10
    చివర = 90 ఇఫ్ ని == 8 ఎల్స్ ని * 10 + 9
    చోట్లు = [వ ఫర్ వ ఇన్ రేంజ్(3) ఇఫ్ ని ఇన్ నమూనా[వ]]
    అంకెలు = సార్టెడ్(ర్యాండమ్.శాంపిల్(రేంజ్(మొదలు, చివర + 1), లెన్(చోట్లు)))
    ఫర్ వ, అంకె ఇన్ జిప్(చోట్లు, అంకెలు):
        టికెట్[వ][ని] = అంకె
```

సీట్ల దగ్గర సార్ట్ చేయొద్దన్నాం, ఇక్కడ చేశాం. ఇక్కడ పెరిగే క్రమం ఆట నియమమే కాబట్టి సార్ట్ కావాలి. చివర + 1 లోని ఆ 1 మరిచిపోతే 9, 19, 29 మొదలు 90 దాకా తొమ్మిది అంకెలు ఏ టికెట్‌లోనూ రావు. ఆటలో 90 పిలిచినప్పుడు ఎవరి దగ్గరా లేకపోతేనే ఈ తప్పు బయటపడుతుంది, అప్పటికి టికెట్లు ప్రింటై చేతుల్లో ఉంటాయి. వెయ్యి టికెట్లు చేసి వాటిలో వచ్చిన వేర్వేరు అంకెలు లెక్కపెట్టండి. 0 తీసేస్తే 90 రావాలి.

ఈ కోడ్ ఒక్కో టికెట్‌నూ విడిగా చేస్తుంది. ఆరు టికెట్ల షీటులో 1 నుంచి 90 వరకు ప్రతి అంకె ఒక్కసారే రావాలంటే అది ఇంకా గట్టి లెక్క, దీన్ని ఆరుసార్లు నడిపితే రాదు. డబ్బు పందెం ఉన్న ఆటకైతే ర్యాండమ్.శాంపిల్ బదులు ర్యాండమ్.సిస్టమ్‌ర్యాండమ్().శాంపిల్ వాడండి, మామూలు ర్యాండమ్‌లో తర్వాత వచ్చేది ఊహించే వీలుంది.

సరిగ్గా వచ్చిందా, చూసుకోండి

కంటితో చూసి “బాగా చెదిరింది” అనుకోవద్దు. నిజమైన ర్యాండమ్‌లో బాంబులు రెండు మూడు ఒకేచోట గుంపుగా ఉండటం మామూలే. సమానంగా పరిచినట్టుంటేనే అనుమానించాలి.

తప్పు వెతికేటప్పుడు ప్రోగ్రామ్ మొదట్లో ర్యాండమ్.సీడ్(42) పెట్టండి, నడిపిన ప్రతిసారీ అదే బోర్డు వస్తుంది. పని అయ్యాక తీసేయండి. సీడ్‌ను ఫంక్షన్ లోపల పెట్టి వంద బోర్డులు చేస్తే వందా ఒకటే.

ముందు లెక్క: వెయ్యి బోర్డులు చేసి ప్రతిదాన్నీ కూడండి. ఒక్కటి 10 కాకపోయినా ఆగండి. తర్వాత సమానత్వం. బోర్డు చేసే మీ ఫంక్షన్‌ను 81,000 సార్లు నడిపి, ఏ గడిలో ఎన్నిసార్లు బాంబు పడిందో ఇంకో 9×9 మ్యాట్రిక్స్‌లో కూడుతూ పోండి. ప్రతి గడిలో 10,000 దగ్గర రావాలి. 9,700, 10,300 మధ్య ఉంటే నిశ్చింత. 810 బోర్డులతో ఆపేస్తే ఒక్కో గడికి 100 వస్తుంది, కానీ సహజంగానే 80, 120 దాకా ఊగుతుంది. చిన్న వంకరలు దాంట్లో కలిసిపోతాయి.

ఆ మ్యాట్రిక్స్‌ను ప్రింట్ చేస్తే తప్పు ఎక్కడుందో అదే చెబుతుంది. చివరి వరుస, చివరి నిలువు సున్నాలైతే హద్దులో ఒకటి తగ్గింది. అంచులు సగానికి, మూలలు పావుకు పడిపోతే ఎక్కడో రౌండ్ ఉంది. ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు వికర్ణం మీదే అంకెలుండి మిగతావన్నీ సున్నాలైతే, వరుసకూ నిలువుకూ ఒకే ర్యాండమ్ సంఖ్య వాడారు. గడులన్నీ సమానంగానే ఉండి, అన్నీ 10,000 కన్నా ఒకే తీరున తక్కువ, 9,500 చుట్టుపక్కల తేలితే, ఒకే గడి రెండుసార్లు వస్తోంది. రెండో మెట్టుకు తిరిగి వెళ్లి శాంపిల్ ఉందో చాయిసెస్ ఉందో చూడండి.